పన్నెండో రాయి

ఆ ఇంటి పెద్దాయన ముప్పై ఒక్క ఏళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. వీధిలో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవరు, తక్కెళ్లని సరిచూసే పడికట్టు రాయి మీదుగా పడికట్టుగారు అంటారు. తాను వస్తున్నానని తెలిస్తే బజారులో గుమ్మడికాయలు కూడా ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేవని ఆయనే చెప్పుకొనేవాడు. ఆ మాట నమ్మినవాళ్లు లేరు. ఆయన చేతిలో పడ్డ వస్తువు తొందరగా బయటపడుతుందని నమ్మినవాళ్లూ లేరు. ఇంట్లోకి థర్మామీటరు కావాలంటే మూడు దుకాణాల నుంచి మూడు తెచ్చి, ఒకే గ్లాసు వేడినీళ్లలో ముంచి, కాగితం మీద లెక్క రాసేవాడు. జ్వరం వచ్చినవాడు ఈలోగా లేచి పనికి వెళ్లిపోయేవాడు.

అలాంటి మనిషితో, "ఏమండీ, మన కంప్యూటర్లో ఏదైనా మంచి యాంటీవైరస్ పెట్టండి" అనడం తన బుద్ధి తక్కువేనని ఆయన భార్య తర్వాత ఒప్పుకుంది.

ఆవిడ భయానికి కారణం లేకపోలేదు. మేడమీద వాటాలో ఉండే ఆవిడ తమ్ముడు బస్సు డ్రైవరు. వాళ్ల డిపో సూపర్‌వైజరు ఇంట్లో కంప్యూటర్‌కి ఏదో పురుగు పట్టి, పెళ్లి ఫోటోల దగ్గర్నుంచి కరెంటు బిల్లుల దాకా అన్నిటికీ తాళం పడిపోయిందని శనివారం వచ్చి చెప్పాడు. ఆ పాత కంప్యూటర్లో ఆవిడ నాలుగేళ్ల కష్టం ఉంది. స్వెట్టర్లు, టోపీలు, మేజోళ్లు, చేతి తొడుగులు కలిపి ఎనభై నాలుగు అల్లికలు. ఏ వరసలో ఎన్ని కన్నులు వేయాలో, ఎక్కడ తగ్గించాలో గళ్లు గీసి, ఒక్కొక్కటి రెండుసార్లు అల్లి చూసి, విప్పి, మళ్లీ రాసిన పుస్తకం. ప్రచురణ సంస్థ వాళ్లు వేస్తామన్నారు. శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా పంపాలి. తప్పితే వచ్చే ఏడాదే. అరవై రెండేళ్ల మనిషికి వచ్చే ఏడాది అనే మాట ఎవరైనా తేలిగ్గా అంటే ఒళ్లు మండుతుంది.

ఆ ఎనభై నాలుగులో మిగిలింది ఒక్క అల్లిక, పైన ఒక ముందుమాట. ఐదు రోజుల టైముంది. హాయిగా అయిపోయే పనే.

"ఉచితంగా దొరికేవి బోలెడున్నాయిట. ఏదో ఒకటి పెట్టేయ్ బావా" అన్నాడు తమ్ముడు.

"ఏదో ఒకటా?" పడికట్టుగారు కళ్లజోడు సవరించుకున్నాడు. "ఒరేయ్ బావమరిదీ, ఊరికే తూచిపెడతానన్నవాడి తక్కెడే ముందు తిరగేసి చూడాలి. అడుగున అయస్కాంతం ఉంటుంది."

ఆదివారం మధ్యాహ్నమంతా ఆయన యాంటీవైరస్‌ల గురించే చదివాడు. చదివినకొద్దీ ఆయన మొహం వెలిగిపోయింది, ఆవిడ మొహం మాడిపోయింది. ఎందుకంటే, ఆయనకు ఒక విషయం తెలిసింది. యాంటీవైరస్‌లు తయారుచేసే వాళ్లంతా కలిసి ఒప్పుకొన్న ఒక ఉత్తుత్తి దొంగ ఉంది. అరవై ఎనిమిది అక్షరాల ఒకే ఒక్క వరస. ఎవరికీ హాని చేయదు. కానీ దాన్ని ఒక ఫైలులో రాసి పెడితే, పనిచేసే యాంటీవైరస్ ఏదైనా చూడగానే దొంగ దొంగ అని అరవాలి.

"ఇది మన పడికట్టు రాయే!" అనుకున్నాడాయన. పైకి అనలేదు. ఆయన శాఖలో రెండు నియమాలు ఉండేవి. ఆకస్మిక తనిఖీ గురించి ఎవరికీ ముందు చెప్పకూడదు, కట్టుకున్న పెళ్లానికి కూడా. ఇక మఖమల్ పెట్టెలోంచి పన్నెండు రాళ్లు తీస్తే, తనిఖీ అయ్యాక పన్నెండూ లెక్కపెట్టి పెట్టెలో పెట్టాలి. మధ్యలో దేన్నీ కదపకూడదు.

సోమవారం పొద్దున ఆవిడ స్నానానికి వెళ్లగానే ఆయన కుర్చీలో కూర్చుని పన్నెండు ఉత్తుత్తి దొంగల్ని తయారుచేసి ఇల్లంతా నాటాడు. ఇల్లంటే కంప్యూటరే. ఒకటి ఫోటోల్లో, ఒకటి పాటల్లో, ఒకటి పెన్షన్ ఉత్తరాల్లో, ఒకటి తమ్ముడి డ్యూటీ చార్టుల్లో. అలా పదకొండు అయ్యాక చేయి ఆగింది. దొంగ ఖరీదైన చోటికే వస్తాడు కదా! ఇంట్లో ఖరీదైనది ఆవిడ పుస్తకం ఫోల్డరు. దాని జోలికొస్తే సూది గుచ్చుతానని ఆవిడ ఎప్పుడో చెప్పింది. బాత్రూములో నీళ్ల చప్పుడు ఇంకా వినిపిస్తోంది. ఆయన గభాలున లోపలికి దూరి, అక్కడి వాటితో కలిసిపోయేలా పేరు పెట్టి, పన్నెండోది వదిలి, పిల్లిలా బయటపడ్డాడు. ఇక మళ్లీ ఆ గుమ్మం తొక్కే ధైర్యం ఆయనకు లేదు.

పదకొండింటికి ఆవిడ చివరి అల్లిక, చెవులు కప్పే టోపీ, పూర్తిచేసింది. ప్రచురణ సంస్థ సంపాదకురాలు ఫోనులో చెప్పినట్టే మొత్తం ఫోల్డరుని ఒకే జిప్ మూటగా కట్టి, పాస్‌వర్డ్‌తో తాళం వేసింది. ఆ తాళం తనకీ సంపాదకురాలికీ తప్ప ఎవరికీ తెలియదు. మూట కట్టాక బయట ఉన్న ఫోల్డరుని తీసి పారేసింది. అది ఆవిడ పద్ధతి. అల్లడం అయిన స్వెట్టరు సంచిలోకి, సంచి బీరువాలోకి, బల్ల ఖాళీ. ఒకే వస్తువు రెండు చోట్ల ఉంటే రెండు చోట్లా దొరకదంటుంది.

మూటలో ఎనభై ఐదు ఉన్నాయని తెరమీద పడింది. ఆవిడ వేళ్లమీద మళ్లీ లెక్కపెట్టుకుంది. ఎనభై నాలుగే. సరుకుతో పాటు తన వేలునీ తూచే దుకాణదారుల్లా ఇది తననీ కలిపి లెక్కేసుకుంది కాబోలు అనుకుని వదిలేసింది. ముందుమాట రాశాక దాన్నీ మూటలో పడేసి పంపేయడమే.

మధ్యాహ్నం ముందుమాట మొదలుపెట్టింది. ‘అల్లికకు కావలసింది సూదులు కాదు, ఓపిక’ అని మొదటి వాక్యం రాసిందో లేదో, వెనక నుంచి దగ్గు వినిపించింది.

"లే. తనిఖీ ఉంది."

మొదటి యాంటీవైరస్ దిగడానికే గంట పట్టింది. ఉచితం అన్న మాట చీమ తలకాయంత, కొనండి అన్న మాట గుమ్మడికాయంత. వద్దు అని నొక్కితే నిజంగా వద్దా అంది. నిజంగానే వద్దంటే మీ కుటుంబ భద్రత మీద మీకు ప్రేమ లేదా అంది. "నీకెందుకే నా కుటుంబం గోల!" అని ఆయన దానిమీద అరిచాడు. ఆవిడ పక్కన ముక్కాలి పీటమీద కూర్చుని ఊలు తీసుకుంది. అది కంప్యూటరంతా వెతికి ముగించేసరికి ఒక మేజోడు మడమ దాకా వచ్చింది.

"పదకొండు!" అన్నాడాయన. బల్ల గుద్దాడు. "పన్నెండుకి పదకొండు! తూకం తక్కువ!"

"ఏమిటవి పదకొండు?"

"తనిఖీ పూర్తయ్యేదాకా చెప్పకూడదు."

పట్టుబడిన పదకొండింటినీ విడిపించి ఎక్కడివక్కడ వదిలేసి, ఆ యాంటీవైరస్‌ని ఇంట్లోంచి గెంటేశాడు. పన్నెండోది దాని చోట చల్లగా కూర్చుని ఉందనే ఆయన నమ్మకం. రిజిస్టరులో రాశాడు, తిరస్కరించడమైనది అని. కింద సంతకం, తేదీ.

మంగళవారం రెండోది వచ్చింది. అది పని చేసేది తక్కువ, అడుక్కునేది ఎక్కువ. ఆవిడ ఒక వాక్యం రాసేలోగా మూడుసార్లు తెర మూలలోంచి తల బయటపెట్టి, ఈ రోజే కొంటే సగం ధరకే అంది. మూడోది దాన్ని మించినది. వస్తూ వస్తూ చుట్టాల్ని కూడా వెంటేసుకొచ్చింది. అడగని బ్రౌజరొకటి, వాతావరణం చెప్పే బొమ్మొకటి, కంప్యూటర్ని కడిగిపెడతానంటూ చీపురు పట్టుకున్న గుర్తొకటి. ఆ చీపురుది వెయ్యిన్నొక్క దోషాలు కనిపెట్టానంది. తీరా చూస్తే అందులో ఒక్కటీ పడికట్టుగారి రాయి కాదు. రెండోదీ పదకొండే పట్టింది, మూడోదీ పదకొండే పట్టింది.

"వీళ్లంతా కూడబలుక్కున్నారే" అన్నాడాయన. "నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక వీధిలో నలభై దుకాణాలుండేవి. నలభై తక్కెడలూ సరిగ్గా ఒకటే తరుగు! ఎలా అనుకున్నావ్? వీధి చివర ఒక ముసలి ఏనుగు ఉండేది. అది కాలు మోపినప్పుడల్లా..."

"ఏమండీ, ఏనుగుని తర్వాత తోలుకొద్దురుగాని. నా ముందుమాట ఒక్క వాక్యం దగ్గరే ఆగింది. ఇవాళ మంగళవారం."

"ముందుమాట దొంగ ఎత్తుకుపోతే?"

"దొంగకి నా ముందుమాట కావాలంటే ముందు నన్ను రాయనివ్వాలి కదా!"

బుధవారం ఆయనకు గొప్ప ఆలోచన తట్టింది. ఒక్కో తక్కెడా తరుగు చూపిస్తుంటే రెండు తక్కెడలు పక్కపక్కన పెడితే సరి. నాలుగోదీ ఐదోదీ ఒకేసారి పెట్టాడు. అవి రెండూ ఇంట్లోకి వచ్చీ రాగానే ఒకదాన్నొకటి చూసి దొంగ అనుకున్నాయి. నాలుగోది ఐదోదాన్ని పట్టుకుని గదిలో పెడితే, ఐదోది కిటికీలోంచి చేయి చాచి నాలుగోదాని కాలర్ పట్టుకుంది. ఈ కొట్లాటలో కంప్యూటర్‌కి ఊపిరాడలేదు. ఆవిడ ‘అ’ నొక్కి, వంటింట్లోకి వెళ్లి పాలు పొంగకుండా దించి, తిరిగొచ్చి నాలుగు వరసలు అల్లితే గానీ తెరమీద ‘అ’ తల ఎత్తలేదు. దాని దీర్ఘం కోసం ఎదురు చూస్తూ మేజోడు మొత్తం పూర్తిచేసింది. రెండో మేజోడు మొదలుపెట్టింది. ఆ రోజుకి ముందుమాట రెండో వాక్యం ‘ఆ’ దగ్గర ఆగిపోయింది.

గురువారం తమ్ముడు డ్యూటీ దిగి వచ్చేసరికి అక్క ఒళ్లో రెండు జతల మేజోళ్లు, ఒక మఫ్లరు ఉన్నాయి. మఫ్లరు నేలమీదికి దిగి, బల్ల కాలుకి ఒక చుట్టు తిరిగి, గుమ్మం వైపు బయల్దేరింది.

"ఎవరికక్కా ఇంత పొడుగు?"

"మీ బావకే. మెడకి బిగిద్దామని."

"బావా, ఇదేం పని? బస్సు తీసేముందు మేమూ టైర్లు చూస్తాం. అంతేగాని ప్రతి టైరులో మేకు దింపి గాలి పోతుందా లేదా అని చూడం."

"అందుకేరా మీ బస్సులు దారిలో ఆగేది" అన్నాడు పడికట్టుగారు. కళ్లు ఎర్రబడ్డాయి, గడ్డం పెరిగింది. ఒక్కొక్కటే పెట్టి చూస్తే నాలుగోదీ పదకొండే, ఐదోదీ పదకొండే. ఐదు కంపెనీలకీ ఉత్తరాలు రాశాడు. ‘అయ్యా, తమ సరుకు పన్నెండింట ఒక వంతు తరుగుగా ఉన్నది. పద్నాలుగు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.’ నాలుగింటి నుంచి జవాబే లేదు. ఐదోది మాత్రం క్షణంలో బదులిచ్చింది. మీ ప్రశంసకు ధన్యవాదాలు అంది.

శుక్రవారం పొద్దున ఆవిడ కుర్చీ వెనక నిలబడింది. చేతిలో సూదులున్నాయి. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ నిలబడటం ఆయన మూడుసార్లే చూశాడు. ఐదోదాన్నీ తీసేసి, రిజిస్టరు చంకలో పెట్టుకుని లేచాడు. కంప్యూటర్ ఏ కాపలా లేకుండా, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి, మనిషి మాట వింది. ఆవిడ మధ్యాహ్నం రెండింటికల్లా ముందుమాట రాసేసింది. మొదటి వాక్యంలో ఓపిక అన్న మాట చూసి తుడిచేద్దామనుకుని, కోపంలో పుస్తకం పాడుచేసుకోకూడదని వదిలేసింది. మూటలో దాన్ని పడేసి, మూడింటికి పంపించి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. నాలుగేళ్లు! చేతుల్లోంచి బరువు దిగినట్టుంది.

మూడూ ఇరవైకి ఫోను మోగింది.

"అమ్మా," అంది సంపాదకురాలు. "మీరు పంపిన మూటలో వైరస్ ఉందండీ. తాళం తీయగానే మా సిస్టమ్ మొత్తం మూటని తుడిచేసింది. మీ మెయిల్ కూడా ఆపేసింది, ఇక ఏం పంపినా లోపలికి రాదు. మా రూలండీ, నేనేం చేయలేను. ఐదింటికి జాబితా మూసేస్తాం."

ఆవిడ ఫోను స్పీకర్లో పెట్టి బల్లమీద ఉంచింది. "వైరసా? నా అల్లికల్లోనా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, గుమ్మం దగ్గర పడికట్టుగారు భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు.

"ఆ ఫైలు పేరేమైనా చెప్పిందా అమ్మాయ్?" అని అడిగాడు.

"ఉందండీ. మేజోళ్లు తొమ్మిది."

"నా పుస్తకంలో మేజోళ్లు ఎనిమిదే" అంది ఆవిడ. ఒక్కొక్క మాటా విడివిడిగా అంది. తర్వాత తల తిప్పి భర్త వంక చూసింది.

ఆయన చూపు తెరమీదికి, అక్కణ్ణుంచి ఆవిడ చేతిలోని సూదుల మీదికి, అక్కణ్ణుంచి పైకప్పుకి వెళ్లింది. పన్నెండోది. తాళం వేసిన మూటలో ఏ కాపలాదారు కంటికీ కనిపించకుండా కూర్చున్నది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక ఉచితంగా వచ్చినవాళ్లు ఏం పడతారు? ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది.

"అయితే పదకొండు సరైన లెక్కేనే! ఐదుగురూ నిజాయితీ..." ఆవిడ మొహం చూసి మిగతాది మింగేశాడు.

"చెప్పండి" అంది ఆవిడ.

చెప్పాడు. నీళ్ల చప్పుడు దగ్గర్నుంచి మొత్తం చెప్పాడు. ఫోను అవతల సంపాదకురాలు కూడా విన్నది.

"ఉండండి, మా కంప్యూటర్లు చూసే ఆయన్ని పిలుస్తాను" అంది సంపాదకురాలు. "ఆయన ఒప్పుకుంటేనే."

అతను వచ్చేలోగా ఆవిడ మూట విప్పి ఆ దిక్కుమాలిన ఫైలు తీసేద్దామని కూర్చుంది. అప్పుడే తెర నల్లబడింది. ఐదో యాంటీవైరస్ పోతూ పోతూ ఒక మెలిక పెట్టి పోయింది. కంప్యూటర్ దానంతటదే మూసుకుని మళ్లీ తెరుచుకుంటూ, దయచేసి ఆపకండి, పన్నెండు శాతం అయింది అంటోంది. అప్పటికి నాలుగూ ఐదు. ఆవిడకు ఈసారి అల్లడానికి కూడా చేతులాడలేదు. సూదుల్ని పిడికిట్లో పట్టుకుని ఆ అంకెనే చూస్తూ కూర్చుంది. పన్నెండు. పన్నెండు. పదమూడు.

ఫోనులో మగగొంతు వినిపించింది. "సార్, మీ ఇంట్లో కంప్యూటర్‌కి వైరస్ ఎలా వచ్చింది?"

ముప్పై ఒక్క ఏళ్లలో పడికట్టుగారు ఎందరి దగ్గరో సంజాయిషీ రాయించుకున్నాడు. తాను ఎప్పుడూ ఇవ్వలేదు. ఆయన భార్య వంక చూశాడు. ఆవిడ తలెత్తలేదు. అంకె పంతొమ్మిది దగ్గర ఉంది.

"రాలేదు బాబూ" అన్నాడు. "నేనే పెట్టాను."

"మీరే... ఎందుకు సార్?"

"పట్టుకుంటారో లేదో చూద్దామని."

"పట్టుకున్నాం కదా సార్."

"పట్టుకున్నారు" అన్నాడాయన. గొంతు బాగా తగ్గిపోయింది. "తప్పు నాది. మా ఆవిడ పుస్తకంలో ఏ దోషమూ లేదు. నాలుగేళ్లు కళ్లు పోగొట్టుకుని రాసింది. కావాలంటే నన్ను ఎన్ని అడ్డమైన మాటలైనా అనండి, దాన్ని మాత్రం లోపలికి రానివ్వండి."

అవతల ఒక చిన్న నవ్వు వినిపించింది. అతను దాన్ని దగ్గుగా మార్చడానికి ప్రయత్నించాడు గానీ కుదరలేదు. "అది పరీక్ష ఫైలేనండీ, నాకూ పేరు కనపడుతోంది. మేమూ వాడతాం. కాకపోతే ఇంట్లోవాళ్ల పుస్తకంలో పెట్టం. ఇంకేమైనా పెట్టారా సార్?"

"లేదు. మొత్తం పన్నెండు. పదకొండు నా దగ్గర లెక్కకున్నాయి."

"మీ లెక్క వద్దు సార్. మెయిల్ తెరుస్తాను, అమ్మగారి లెక్క చెప్పండి."

నాలుగూ ముప్పై ఒకటికి కంప్యూటర్ లేచింది. ఆవిడ మూట విప్పి, మేజోళ్లు తొమ్మిదిని తీసి పారేసి, ఒక్కొక్క అల్లిక పేరూ పైకి చదివింది. తన చేత్తో రెండుసార్లు అల్లి చూసిన ప్రతిదాన్నీ పేరు పెట్టి పిలిచింది. ఎనభై నాలుగు. ముందుమాటతో ఎనభై ఐదు. అవతల అతను ఓపిగ్గా వింటూ టిక్కులు పెట్టుకున్నాడు. పడికట్టుగారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆయన ముందు ఒకప్పుడు దుకాణదారులు నిలబడినట్టు.

నాలుగూ నలభై తొమ్మిదికి మూట వెళ్లింది. నాలుగూ యాభై ఆరుకి సంపాదకురాలు ఫోను చేసింది. "వచ్చిందమ్మా. ఎనభై ఐదు. జాబితాలో రాసేశాను."

ఆవిడ ఫోను పెట్టేసి, సూదులు బల్లమీద పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. అరచేతుల్లో సూదుల అచ్చులు పడ్డాయి.

కాసేపటికి తమ్ముడు మేడ దిగి వచ్చాడు. కథంతా విని, నవ్వాపుకోలేక గోడకు చేరగిలబడ్డాడు. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికావు బావా!"

"ఇప్పుడేది పెట్టాలంటావు?" అన్నాడు పడికట్టుగారు, బావమరిది మాట వినిపించుకోనట్టు, భార్యతో. "మొదటిది మంచిదేననిపిస్తోంది. అయితే ఒక్కసారి మళ్లీ..."

"మొదటిదే పెడతాను. నేనే పెడతాను" అంది ఆవిడ. "మీకో మాట అడుగుతాను, చెప్పండి. దుకాణం తూకం సరిగ్గానే ఉండి, ఇన్‌స్పెక్టరు రాళ్లే తక్కువైతే మీ శాఖలో ఏం చేస్తారు?"

ఆయన ఆలోచించాడు. అబద్ధం చెప్పొచ్చు గానీ శాఖ విషయంలో ఆయన ఎన్నడూ అబద్ధమాడలేదు. ఏనుగుల విషయంలోనే ఆడేవాడు. "ఇన్‌స్పెక్టరు పెట్టెకి సీలు వేస్తారు."

ఆవిడ లేచి, బుట్టలోంచి ఎర్ర ఊలు ఉండ తీసి, కంప్యూటర్ ముందున్న కుర్చీకి ఒక చేతి నుంచి ఇంకో చేతికి అడ్డంగా నాలుగు చుట్లు చుట్టి ముడేసింది. ఆ ముడిమీద దేన్నో బొట్టులా అద్దింది. చూస్తే వంటింట్లోని కొవ్వొత్తి మైనం. తను ముక్కాలి పీట తెచ్చుకుని దానిమీద కూర్చుని, మొదటి యాంటీవైరస్ పెట్టడం మొదలుపెట్టింది. నిజంగా వద్దా అని అది అడిగితే, నిజంగానే వద్దని ఒక్కసారి నొక్కింది. దాని నోరు మూతపడింది.

సీలు వేసిన వస్తువుని పడికట్టుగారు తన చేత్తో విప్పడు. అది ఆయన ధర్మం. శనివారం ఆ కుర్చీ చుట్టూ రెండుసార్లు తిరిగి, ముడి గట్టిదేనని చూసి, వెళ్లిపోయాడు. ఆదివారం పేపరు తెచ్చుకుని దాని పక్కనే నిలబడి చదివాడు. మెడలో ఆ పొడుగాటి మఫ్లరు మూడు చుట్లు తిరిగి ఇంకా నేలమీద ఈడుస్తోంది. సోమవారం పొద్దున ఇక ఉండబట్టలేక అడిగాడు.

"ఏమేవ్, ఈ సీలు ఎన్నాళ్లుంటుంది?"

ఆవిడ స్నానానికి వెళ్తూ వెళ్తూ ఆగింది. భుజం మీద తువ్వాలు సర్దుకుంది.

"తనిఖీ పూర్తయ్యేదాకా చెప్పకూడదు" అని, లోపలికి వెళ్లి నీళ్ల కుళాయి తిప్పింది.